దడిలో ఒక్క కట్టె

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరు కాదులే చిట్టీ, సముద్రం దాటి ఆఫ్రికాలో, తడాలా అనే ఆవిడ ఉండేది. ఆవిడకి ఇద్దరు కూతుళ్ళు. ఆ ఊరి చుట్టూ ఒకప్పుడు చెట్లే చెట్లు. పొయ్యికని కొట్టారు, ఇళ్ళకని కొట్టారు, బొగ్గుకని కొట్టారు. ఆఖరికి ఎండుపుల్ల కావాలన్నా దూరపు కొండకి పోవాల్సి వచ్చింది.

తడాలా పెద్దకూతురు ఆ కొండకే పోయింది. మోపు నెత్తిన పెట్టుకుని దిగుతుంటే కాలు జారింది. ఆ తర్వాత ఆ పిల్ల మంచాన పడింది, మళ్ళీ లేచి నడిచింది లేదు.

"చిన్నదాన్ని మాత్రం ఆ కొండ ఎక్కనివ్వను," అంది తడాలా. చిన్నదాని పేరు చికొండి. అప్పటికి నీ అంతే ఉంటుంది.

అప్పుడు తడాలా ఇల్లిల్లూ తిరిగి, అందర్నీ పోగేసి, ఊరి పక్కనే మొక్కలు నాటించింది. చికొండికి మోపెత్తే వయసొచ్చేలోపు అవి చెట్లయితే చాలు. మొదటి ఏడు వానల్లేక మాడిపోయాయి. రెండో ఏడు మేకలు పడి మేసేశాయి. మూడో ఏడు మళ్ళీ నాటి, మగాళ్ళంతా కొండ నుంచి కట్టె మోసుకొచ్చి, మొక్కల చుట్టూ దడి కట్టారు.

మొక్కలు చికొండి నడుం దాకా ఎదిగాయి. కానీ ఊళ్ళో పొయ్యిలన్నీ ఆ దడినే చూస్తున్నాయి. నబండా అనే ముసలావిడ ఒకరోజు కట్టె పీకబోతే, తడాలా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కటేనే అమ్మాయీ. పళ్ళు లేనిదాన్ని, సంకటి ఉడక్కపోతే మింగలేను."

"అందరూ ఒక్కటే అంటారత్తా. నీ గిన్నె ఇటివ్వు, మా పొయ్యి మీద పెడతాను."

"మీ పొయ్యికి మటుకు ఆకాశంలోంచి పడుతుందా కట్టె," అని గొణుక్కుంటూ పోయింది ముసల్ది.

ఆ తర్వాత ముసురు పట్టింది. వాగు పొంగి కొండదారి మూసుకుపోయింది. అప్పుడే చికొండికి చలిజ్వరం. తడాలా చాట విరిచి పొయ్యిలో పెట్టింది. పీట పెట్టింది. రోకలి పెట్టింది. జావ ఇంకా కాగలేదు.

అప్పుడు వానలో తడుస్తూ దడి దగ్గరికి పోయింది. ఒక్క కట్టె పీకింది.

తడి కట్టె, ఇల్లంతా పొగ. అయినా జావ కాగింది. చికొండి తాగింది. చెమట పట్టి జ్వరం దిగింది.

వాన తెరిపిచ్చాక చూస్తే ఏముంది, ఆ సందులోంచి ఒక మేక దూరింది, దాని వెనక మందంతా దూరింది. ఒక్క మొక్కకీ తల లేదు. ముందు దూరిన మేక తడాలాదే.

తిడతారనుకుంది. ఎవరూ తిట్టలేదు. నబండా వచ్చి పక్కన కూర్చుంది.

"పిల్ల తాగిందా?"

"తాగిందత్తా."

ఇంక కాపాడేదేముంది అని, తలా ఒక కట్టె పీక్కుని ఇళ్ళకి పోయారు. నాలుగో ఏడు ఎవరూ మొక్క నాటలేదు.

చికొండి పెద్దదైంది. ఒక పొద్దున్నే గుడ్డ చుట్టి నెత్తిన కుదురు పెట్టుకుని, తాడు భుజాన వేసుకుంది.

"కాలు జారే చోటెక్కడో అక్కని అడిగానులే. పోయొస్తానమ్మా," అంది.

తడాలా గడపలోనే నిలబడిపోయింది.

దుప్పటి కప్పుకో చిట్టీ. వచ్చిందా లేదా అని అడక్కు. వాళ్ళమ్మ ఇంకా దారి చూస్తూనే ఉంది.

మేక మొక్కకి, దడి పొయ్యికి,
చికొండి కొండకి, కథేమో కంచికి,
మనమేమో నిద్దరకి.