సూరన్న రెక్కల కింద నలుగురు

నాకు కొంగలంటే పడదు. ఈ కథలో ఒక కొంగ ఉంది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నన్ను పక్షపాతి అనకండి.

పల్లపు పొలాల మధ్య ఒక పెద్ద చెరువు. సగం తామరాకులు, సగం గుర్రపుడెక్క. ఆ తామరాకుల మీద నడుచుకుంటూ బతికే పిట్టలున్నాయి. ఒళ్ళు పిడికెడు, కాలివేళ్ళు మాత్రం ఇంతింత పొడుగు. అందుకే ఆకు మునగదు, పిట్ట తడవదు. వీటిలో తాతల నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. ఆడపిట్ట గుడ్లు పెట్టి సరిహద్దు కాపలాకి పోతుంది. గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ మగపిట్ట. వాళ్ళకది మామూలే. చెరువులో మిగతావాళ్ళకే నవ్వులాట.

"ఏరా సూరన్నా, ఇవాళ కూడా ఇంట్లోనేనా? కాలు కదపకుండా కూర్చోవడానికి ఎంత ఇస్తార్రా?" అని బాతులు ఎకసెక్కాలాడేవి.

"మీరొచ్చి ఒక్క పూట కూర్చోండి, మీకే తెలుస్తుంది" అనేవాడు సూరన్న. ఏ బాతూ కూర్చోలేదు.

సూరన్న మంచివాడు. కాస్త మెతక. పెళ్ళాం మంగతాయి అతనికంటే ఒక చుట్టు పెద్దది, గట్టి మనిషి. పక్క నీళ్ళ నుంచి ఏ పిట్ట గీత దాటినా ముక్కు పగలగొట్టి పంపేది. నాలుగు గుడ్లు పెట్టి కాపలాకి వెళ్ళింది. వెళ్ళిన మనిషి పడమటి రేవులో ఇంకో మగపిట్టని చూసుకుంది. ఒకరోజు వచ్చి, "మనకి పొసగదయ్యా. ఆకు చీల్చుకుందాం" అంది.

ఆ చెరువులో విడాకులంటే అంతే. ఇద్దరూ ఒక తామరాకుని చెరో కొస పట్టుకుని లాగుతారు. చిరిగిందా, తెగతెంపులయినట్టే. సూరన్న గుడ్ల మీద నుంచి లేవకుండానే మెడ చాచి తన కొస లాగాడు. ఏడుపొచ్చింది. కానీ లేస్తే గుడ్లకి ఎండ తగులుతుందని కూర్చునే ఏడ్చాడు. ఈ ఒక్క ముక్క చాలు నాకు అతని మీద గౌరవం కలగడానికి.

చిక్కల్లా తిండి దగ్గర వచ్చింది. అంతకుముందు మంగతాయి పురుగో పుట్రో తెచ్చి పడేసేది. ఇప్పుడు తెచ్చేవాళ్ళు లేరు. లేచి వెళ్దామంటే గుడ్లు గట్టు మీది పాముకి ఎర. రెండు రోజులు పస్తున్నాడు. మూడో రోజు కొంగ ధర్మావతారం వచ్చాడు. పేరు చూసి మోసపోకండి. తెల్లటి ఒళ్ళు, సగం మూసిన కళ్ళు, మాటకి ముందొకసారి దేవుడి పేరు, వెనకొకసారి దేవుడి పేరు.

"అయ్యయ్యో, ఎంత చిక్కిపోయావు నాయనా! రోజుకి రెండు నత్తలు నేనిస్తాలే. పిల్లలు పుట్టాక నెమ్మదిగా తీరుద్దువు."

"వడ్డీ ఎంత బాబాయ్?"

"మన మధ్య వడ్డీ ఏమిట్రా అబ్బాయ్? లోకం కోసం ఏదో కాస్త."

ఆ కాస్త ఎంతో సూరన్న అడగలేదు. ఆకలి మీదున్నవాడు ఎక్కడ అడుగుతాడు! ఇరవై ఆరు రోజులు, యాభై రెండు నత్తలు. గుడ్లు పగిలి నలుగురు పిల్లలు బయటికొచ్చి పది రోజులయ్యేసరికి ధర్మావతారం గుమ్మంలో నిలబడ్డాడు.

"రెండు వందలయింది నాయనా."

సూరన్న కాలివేళ్ళ మీద లెక్కేసి చూసుకున్నాడు. "రెండు వందలా? నేను బతికినన్నాళ్ళూ తినేదంతా నీకే పోస్తే తీరుతుందేమో బాబాయ్!"

"ఛ ఛ, నిన్ను ఏడిపిస్తానా? పిల్లల్లో ఇద్దర్ని నా దగ్గర పెట్టు. నా వెనకాల తిరిగి పని నేర్చుకుంటారు. అప్పు మాఫీ."

అని పిల్లల వైపు చూశాడు. ఆ చూపు పని నేర్పేవాడి చూపు కాదు. సూరన్న మెతకే గానీ తెలివితక్కువవాడు కాదు.

"అప్పు తీరుస్తాను. పిల్లలు అప్పులో జమ కారు" అన్నాడు.

"అప్పు చేసి పప్పుకూడు తిన్నవాడికి పౌరుషం కూడానా?" అని ధర్మావతారం రెక్కలు దులుపుకుని నేరుగా పడమటి రేవుకెళ్ళాడు, మంగతాయి దగ్గరికి.

"అమ్మాయ్, చెప్పకూడదు గానీ చెప్పక తప్పదు. నీ పిల్లలు దిక్కులేకుండా ఉన్నారు. ఆ సూరిగాడు అప్పుల్లో మునిగి ఊరంతా తిరుగుతున్నాడు. పొద్దస్తమానం పిల్లలు ఒంటరిగా ఆకు మీద. వాళ్ళని నువ్వు తెచ్చుకో. నీకు కాపలా పనుంటుంది కదా, నేను కనిపెట్టుకుని ఉంటాలే."

కంచే చేను మేస్తానని చెబుతున్నా పాపం మంగతాయికి తెలియలేదు. ఎంత తెంచుకున్నా కన్నతల్లి కదా, అప్పటికప్పుడు లేచింది. "పదండి, పెద్దమ్మ దగ్గర తేల్చుకుంటాను" అంది.

పెద్దమ్మ అంటే గేదె నూకాలమ్మ. మధ్యాహ్నం వేళ నీళ్ళలో పడుకుని నెమరేస్తూ చెరువు తగువులన్నీ తీర్చేది. అక్కడ ఒక కట్టడి ఉంది. సాక్ష్యం చెప్పేవాడు ముక్కు నీళ్ళలో ముంచి తీసి చెప్పాలి. ముంచిన ముక్కు అబద్ధమాడిందని తేలిందా, మళ్ళీ వానలు పడేదాకా ఆ ముక్కుకి ఆ చెరువులో తిండి లేదు.

సూరన్నకి కబురొచ్చింది. పిల్లల్ని ఇంట్లో ఎవరికి అప్పజెప్పి వెళ్తాడు? ఎప్పుడూ చేసే పనే చేశాడు. మోకాళ్ళ మీద వంగి, రెక్కలు కాస్త ఎత్తి, "రండ్రా నాన్నా, ఎక్కండి" అన్నాడు. కుడి రెక్క కింద ఇద్దరు, ఎడమ రెక్క కింద ఇద్దరు దూరారు. రెక్కలు ఒంటికి నొక్కిపెట్టి లేచాడు. మేతకెళ్ళినా అంతే, వానొచ్చినా అంతే. పుట్టిన రోజు నుంచీ ఆ పిల్లలు ఆకు మీద ఒంటరిగా ఒక్క క్షణం ఉండలేదు.

"అక్కడ పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే కిక్కురుమనకూడదు, సరేనా?"

"సరే నాన్నా" అన్నాయి లోపల్నుంచి నాలుగు గొంతులు.

పంచాయితీకి చెరువంతా వచ్చింది. బాతులు ముందు వరసలో. సూరన్న ఒక్కడే నడిచొచ్చి నిలబడ్డాడు. రెక్కలు రెండూ ఉబ్బుగా ఉన్నాయి గానీ ఎవరు చూస్తారు? ఇంటిపట్టున ఉండేవాడు, ఒళ్ళు చేశాడనుకున్నారు.

"చెప్పవే మంగతాయీ" అంది నూకాలమ్మ.

"నా పిల్లల్ని నాకిప్పించు పెద్దమ్మా. ఈయనకి చేతిలో చిల్లిగవ్వ లేదు, నెత్తిన అప్పు. వాళ్ళని ఒంటరిగా వదిలేసి తిరుగుతున్నాడట."

"నువ్వు చూశావా?"

"ధర్మావతారం గారు చూశారు."

నూకాలమ్మ సూరన్న వైపు తిరిగింది. "ఏమంటావురా? పిల్లలేరి?"

సూరన్న నోరు తెరిచేలోపే కొంగ ముందుకొచ్చాడు. "వాడేం చెబుతాడు పెద్దమ్మా! ఎక్కడున్నారో వాడికి తెలిస్తే కదా. నేను చెబుతాను."

సూరన్నకి ఒక్క క్షణం ఒళ్ళు మండింది. రెక్కలెత్తి చూపించేద్దామనుకున్నాడు. మళ్ళీ ఆగాడు. ఇవాళ చూపిస్తే ఇవాళ్టికి గెలుస్తాను, రేపు ఈ కొంగ ఇంకో అబద్ధంతో వస్తాడు, అనుకున్నాడు. నిదానంగా అన్నాడు, "ముందు బాబాయినే చెప్పనీ పెద్దమ్మా. ముక్కు ముంచి చెప్పనీ. ఆయన చెప్పింది నిజమని తేలితే పిల్లల్ని నేనే ఇచ్చేస్తాను."

సభ గుసగుసలాడింది. మంగతాయి అతనికేసి వింతగా చూసింది. ధర్మావతారానికి ఆనందం ఆగలేదు. ముక్కు నిలువునా ముంచి తీశాడు, నీళ్ళు కారుతూనే మొదలెట్టాడు.

"రోజూ చూస్తున్నాను తల్లీ. వీడు పొద్దున్నే పోతాడు. పిల్లలు నలుగురూ ఆకు మీద బిక్కుబిక్కుమంటూ ఉంటారు."

"ఇవాళ కూడా చూశావా బాబాయ్?" అన్నాడు సూరన్న.

"చూడకేం? ఇక్కడికి వస్తూ వస్తూ చూశాను. నాన్నా నాన్నా అని ఒకటే ఏడుపు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి."

"నలుగురూ ఉన్నారా?"

"నలుగురూ! అందులో చిన్నది నీళ్ళలోకి జారిపోతుంటే నేనే ముక్కుతో పట్టి పైకి లాగాను. నేను లేకపోతే ఈపాటికి చేపల పాలయ్యేది. ఇంకా ఏం సాక్ష్యం కావాలి మీకు?"

బాతులు "అయ్యో అయ్యో" అన్నాయి. మంగతాయి ఏడ్చేసింది. "విన్నావా పెద్దమ్మా! ఇంకా వీడికి పిల్లలెందుకు?"

నూకాలమ్మ నెమరు ఆపింది. "సూరన్నా, ఇంకేమైనా అంటావా?"

"ఏమీ అనను పెద్దమ్మా. ఒకసారి ఇటు చూడమంటాను" అని సూరన్న మెల్లిగా రెండు రెక్కలూ ఎత్తాడు.

ముందు కాళ్ళు కనపడ్డాయి. సన్నటి, పొడుగాటి కాళ్ళు, అటు నాలుగు, ఇటు నాలుగు, వేలాడుతూ. తర్వాత ఒక్కొక్కటే టపటపా ఆకు మీదకి దిగాయి. అందరికంటే చిన్నది ఆవలించి, "నాన్నా, ఇప్పుడు మాట్లాడొచ్చా?" అంది.

అబ్బ! ఆ క్షణం నేనక్కడ ఉండి ఉంటే ఈలవేసేవాడిని.

ధర్మావతారం తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు.

"ధర్మావతారం," అంది నూకాలమ్మ, "నీ ముక్కు ఈ పిల్లల్లో దేన్ని పైకి లాగింది?"

"అదీ... ఎండకి కళ్ళు... వేరే పిట్టల పిల్లలేమో..."

"నలుగురూ సూరన్న పిల్లలేనన్నావుగా. నాన్నా అని ఏడుస్తున్నారన్నావుగా."

మంగతాయి కొంగని పట్టించుకోలేదు. సూరన్న దగ్గరికొచ్చింది. "ఎప్పట్నించి ఇలా మోస్తున్నావయ్యా?"

"పుట్టినప్పట్నించీ."

"నలుగుర్నీనా? బరువు కాదూ?"

"మొదట్లో కాదు. ఇప్పుడు పెరుగుతున్నారుగా, మధ్యాహ్నానికి భుజాలు లాగుతాయి."

"మరి నాకు ఒక్క మాటయినా చెప్పలేదేం?"

"అడిగినవాళ్ళుంటే కదా చెప్పడానికి. ఇంట్లో కూర్చున్నాడన్నారు గానీ ఇంట్లో ఏం చేస్తున్నావని ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు."

అందులో కోపం లేదు. అందుకే మంగతాయికి ఎక్కువ తగిలింది. ఒక్క ఊపున కొంగ మీదకి తిరిగింది. "నా పిల్లలకి కాపలా ఉంటానన్నది నువ్వేనా? ఏ పూట తిందామనుకున్నావురా మొదటిదాన్ని?" అని ఎగిరి నెత్తిన పొడిచింది. ఆమె పొడిస్తే ఎలా ఉంటుందో సరిహద్దులో ఉన్నవాళ్ళకి ముందే తెలుసు.

"ఆగవే, తీర్పు కానీ" అంది నూకాలమ్మ. "పిల్లలు సూరన్న దగ్గరే. తల్లి ఎప్పుడొచ్చినా పెద్ద ఆకు పరచాలి, మూతి ముడవకూడదు. ఒరే సూరన్నా, నీ అప్పు సంగతి. తిన్నవి తిన్నావు, తీర్చాల్సిందే."

"తీరుస్తాను పెద్దమ్మా."

"నువ్వొక్కడివే ఎందుకు తీరుస్తావు? ఆ నత్తలు నువ్వు షికారుకెళ్ళి తిన్నావా? ఆమె గుడ్ల మీద కూర్చుని తిన్నావు. ఆమె కాపలా ఎంత పనో నీ కూర్చోవడమూ అంతే పని. అసలు యాభై రెండు. సగం నీది, సగం మంగతాయిది. అబద్ధం ఆడినవాడికి వడ్డీ లేదు."

"నా సగం రేపే ఇస్తా," అంది మంగతాయి. "ఆయన సగంలో కూడా కొన్ని..."

"వద్దు మంగా. నాది నేను తీరుస్తాను" అన్నాడు సూరన్న. పిల్లల వైపు చూపించి, "నువ్వు కావాలంటే రోజూ మధ్యాహ్నం ఒక్క గంట వీళ్ళని మొయ్యి. అది చాలు" అన్నాడు.

ఆమె అక్కడే రెక్క ఎత్తి చిన్నదాన్ని లోపల పెట్టుకోబోయింది. అది జారి కింద పడింది. మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ జారింది. పక్క నీళ్ళ పిట్టలందరినీ తరిమికొట్టిన రెక్క అది. చిటికెడంత పిల్లని పట్టుకోవడం దానికి చేతకాలేదు. బాతులు నవ్వబోయి నవ్వలేకపోయాయి.

"గట్టిగా నొక్కకు. వాళ్ళే పట్టుకుంటారు, నువ్వు వదలకుండా ఉంటే చాలు" అని సూరన్న పక్కన నిలబడి నేర్పాడు. నాలుగోసారికి నిలిచింది.

ధర్మావతారం సంగతా? వానలు పడేదాకా ఆ చెరువులో ముక్కు పెట్టే వీల్లేకపోయింది. తన యాభై రెండు నత్తలూ అణాపైసలతో సహా అందాయి గానీ, వాటిని గట్టు మీద, మండుటెండలో, చెరువంతా చూస్తుండగా తినాల్సి వచ్చింది.

నీతి: ఇంటిపట్టున ఉండి పిల్లల్ని సాకేవాడికి పనేముందని, ఆ పని ఒక్కపూట చేసినవాడెవడూ అనడు.