చుక్కమ్మ నేర్పిన మోత

కాలేజీ ప్రయోగశాలలో ఓ బోనులో చుక్కమ్మ అనే తెల్లెలుక ఉండేది. సరైన మీట నొక్కితే పల్లీ గింజ, తప్పు మీట నొక్కితే సున్నా. రెండేళ్లుగా అదే దాని చదువు. పక్క బోనులో కుందేలు, నిండు చూలాలు.

ఆ గదికి బొర్రయ్య అనే పందికొక్కు మరిగాడు. మధ్యాహ్నం అటెండరు రాజేశం అన్నానికి లేవగానే తూములోంచి దూరి, బస్తాలో పల్లీలు బొక్కేవాడు. బోనుల్లో వాళ్లకు అరకడుపే.

ఒకనాడు చుక్కమ్మ ఉండబట్టలేక గట్టిగా కీచుమంది. రాజేశం ఎంగిలి చేత్తోనే చీపురందుకుని ఉరికొచ్చాడు. బొర్రయ్య నడుం మీద రెండు పడ్డాయి.

మర్నాడు బొర్రయ్య ఓ పల్లీ తెచ్చి బోను ముందు పెట్టాడు.

"కోడలు పిల్లా, నోరు మూసుకుంటే రోజుకో గింజ."

"అట్లాగే మామా."

కుందేలు మండిపడింది. "ఒక్క గింజకే అమ్ముడుపోయావా? నా కడుపులో పిల్లలేం కావాలి? వాడి బుద్ధి మారేదా? పుర్రెలో పుట్టింది పుడకల్తో గానీ పోదు."

"ఒక్కసారే మారదు వదినా. కొంచెం కొంచెంగా మార్చాలి. నన్నిక్కడ అట్లాగే మార్చారు."

మూడో రోజు గింజ చూసి చుక్కమ్మ సన్నగా "కీచ్" అంది. బొర్రయ్య బెదిరి రెండోది తెచ్చాడు. చుక్కమ్మ గప్‌చుప్. ఆ మర్నాడు నాలుగు పెడితే గానీ ఊరుకోలేదు. ఇంకోనాడు కుందేలు బోను వైపు తల తిప్పి కీచుమంది. అటూ మోశాడు. ముందు తను నాలుగు నములుదామని చూస్తే మళ్లీ కీచ్!

పక్షం తిరిగేసరికి చుక్కమ్మ ఆవలించినా చాలు, బొర్రయ్య బుగ్గల నిండా పల్లీలు కుక్కుకుని బస్తాకీ బోనులకీ మధ్య పరుగు. తను తిందామనుకునే వేళకు రాజేశం చెప్పుల చప్పుడు. బొర్ర కరిగిపోయి అయ్య ఒక్కడే మిగిలాడు.

"నీకు మౌనం నేర్పానే గానీ," అన్నాడు రొప్పుతూ, "నా కడుపు మాడుతోంది కోడలా!"

"నువ్వు మౌనం నేర్పావు, నేను మోత నేర్పాను. చెల్లుకు చెల్లు మామా."

"రేపట్నుంచి ఒక్క గింజ తేను, పో!"

చుక్కమ్మ మెల్లగా నోరు తెరిచింది, అంతే.

బొర్రయ్య కాళ్లు వాణ్ణి అడక్కుండానే బస్తా వైపు ఉరికాయి. ఆ కాళ్లను బండబూతులు తిట్టాలనుకున్నాడు పాపం. నోటి నిండా పల్లీలు, తిట్టు బయటికి రాలేదు.

ఎర వేసి నోరు మూయించినవాడు, ఆ నోటికే జీతగాడవుతాడు.