లోతు చెప్పని పేజీ

భీమిలిలో వెబ్ అప్లికేషన్లు కట్టడం నేర్పే పైడిరాజు మాస్టారికి, అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు.

ఒకనాడు ఆయన శిష్యురాలు నస్రీన్ అడిగింది: "మాస్టారూ, ఏ కంప్యూటర్లోనైనా పనిచేసేలా ఉమ్మడి ప్రమాణాలంటూ పెద్దలు ఏళ్ళ తరబడి చర్చిస్తూనే ఉంటారు. ఈలోగా కంపెనీలు సొంత పనిముట్లు ఇస్తున్నాయి. వాటితో పని ఇట్టే అయిపోతుంది. ఇకమీదట అందరూ అలాగే కడతారంటున్నారు. ఆ ప్రమాణాలు పట్టుకుని మనకెందుకండీ ఈ అవస్థ?" మత్స్యకారుల సంఘం కోసం ఆమె కడుతున్న అప్లికేషన్ నెల రోజులుగా తెమలడం లేదు. ఆమె అలసిపోయింది.

మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నారు. "రేపు నూకరత్నం వస్తానంది. నువ్వూ ఉండు."

నూకరత్నం పొద్దున్నే వచ్చింది. ఆమె తండ్రి ఎల్లాజీ చేపల వేటకెళ్ళే మనిషి, చనిపోయి పదకొండేళ్ళయింది. సముద్రం అడుగున రాళ్ళు ఎక్కడున్నాయో, ఒడ్డు మీది ఏ గుర్తులను బట్టి వాటిని తప్పించుకోవాలో ఆయన చెబితే, ఇరవై రెండేళ్ళ కిందట మాస్టారు దాన్నంతా ఒక వెబ్ పేజీగా పెట్టారు.

"ఈ నెల్లో తమ్ముడి వల రెండుసార్లు రాళ్ళకి తగులుకుని చిరిగిపోయిందండి. నాన్న మాటలు తీసివ్వండి" అంది నూకరత్నం.

మాస్టారు పేజీ తెరిచారు. తెలుగక్షరం ఒక్కటీ లేదు, అన్నీ పిచ్చి గీతలు. ఆ రోజుల్లో తెలుగు అక్షరాలకు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఈ పేజీ చదవాలంటే ఒక కంపెనీ ఫాంటు ఉండాలి. ఆ కంపెనీ మూతపడింది, ఫాంటూ దొరకలేదు. మాస్టారు చేత్తో రాసుకున్న నోటుబుక్కు తుఫానులో తడిసి పాడైపోయింది.

ఆ పేజీలోంచి అప్పట్లో అచ్చు తీసిన ఒక పేరా కాగితం ఒక్కటే మిగిలింది. దాన్ని పక్కన పెట్టుకుని ఏ గీత ఏ అక్షరమో నస్రీన్ పోల్చుకుంటూ కూర్చుంది. మధ్యాహ్నానికి నడుం పట్టేసింది. సాయంత్రానికి ఎల్లాజీ మాటలు ఒక దారికొచ్చాయి. ఆమె చదువుతుంటే నూకరత్నం కదలకుండా వింది.

"కొండ కొస దీపస్తంభం వెనక్కి వచ్చిందంటే పడవ నిలుపు. అక్కడ రాయి..."

నస్రీన్ ఆగిపోయింది. అంకె ఉండాల్సిన చోట రెండు ప్రశ్నార్థకాలు. కంప్యూటర్లు మార్చినప్పుడెప్పుడో పేజీలోని అంకెలన్నీ అలా అయిపోయాయి. కాగితం మీద ఉన్న పేరాలో అంకెలే లేవు.

"ఎన్ని బారల లోతులో ఉందంటాడండి?" అని అడిగింది నూకరత్నం.

"తెలీదమ్మా" అన్నారు మాస్టారు.

నూకరత్నం కాసేపు తెర వంక చూసింది. "పోన్లెండి. నాన్నని అడగలేం గదా" అని, నస్రీన్ రాసిచ్చిన కాగితాలు మడిచి కొంగున కట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మాస్టారు కంప్యూటరు ఆపేస్తూ నస్రీన్‌తో అన్నారు: "ఆ కంపెనీ ఫాంటుతో ఆ పేజీ మూడు రోజుల్లో కట్టేశానమ్మా. అంత తొందరగా చేశానని అందరూ మెచ్చుకున్నారు."