మడి కట్టుకున్న కణాలు

నరహరి రిపోర్టు రాసి వారమైంది. సంతకం పెట్టాల్సిన ల్యాబు పెద్ద మెహరున్నీసా మేడమ్ పెట్టడం లేదు.

కోటమ్మ షెడ్డులో పన్నెండు రోజుల్లో నాలుగు వందల కోళ్లు చచ్చిపోయాయి. వాటి గొంతుల్లో దొరికిన కొక్కెర తెగులు వైరస్‌ను నరహరి ల్యాబులో పెంచిన కోడి కణాల మీద వేసి చూశాడు. కణాలు చెక్కుచెదరలేదు. మూడుసార్లు చేసినా అంతే. అందుకే ‘తేలికరకం, ప్రాణాంతకం కాదు’ అని రాశాడు. ఆ ముక్క పైకి వెళితే చుట్టుపక్కల షెడ్లకు టీకా బృందం రాదు. కోటమ్మ కోళ్లను సరిగా చూసుకోలేదన్న మాట మాత్రం ఊళ్లో మిగిలిపోతుంది.

“మరి కోళ్లెందుకు చచ్చాయి?” అన్నారు మేడమ్.

“వైరస్ వల్ల మాత్రం కాదు మేడమ్. నా కణాలు అబద్ధం చెప్పవు.”

ల్యాబులో అందరూ అతన్ని ‘మడి నరహరి’ అంటారు. చేతులు కడుక్కోవడంలో వాళ్ల నాయనమ్మను మించిపోయాడు. ఏ నమూనా వచ్చినా యాంటీబయోటిక్ వేసి, అందులోని బాక్టీరియానంతా చంపాకే వైరస్‌ను కణాల దాకా రానిచ్చేవాడు. అక్కడ కణాలు పెంచే పళ్లెం ఎవరిదాంట్లోనైనా బాక్టీరియా పెరిగితే, పొద్దున టీ దగ్గర లేచి నిలబడి ఒప్పుకుని, ఆ రోజు కప్పులన్నీ కడగాలి. మూడేళ్లలో నరహరి ఒక్క కప్పు కడిగిన పాపాన పోలేదు.

మేడమ్ నమ్మడం లేదని ఉక్రోషంతో అదే ప్రయోగం నాలుగోసారి మొదలుపెట్టాడు. ఆ విసురులో నమూనాకు యాంటీబయోటిక్ వేయడం మరిచిపోయాడు. మర్నాటికి పళ్లెంలో ద్రవం పసుపురంగుకు తిరిగి మజ్జిగ తేటలా మసకబారింది. కణాలన్నీ ఊడిపోయి తేలుతున్నాయి. అతనికి తల కొట్టేసినట్టయింది. ఎవరూ చూడకముందే పారబోద్దామని బ్లీచింగ్ సీసా అందుకున్నాడు.

“ఆగు,” అన్నారు వెనక నుంచి మేడమ్.

“బాక్టీరియా పట్టింది మేడమ్. కణాలను చంపింది అదే. దీన్ని లెక్కలోకి తీసుకోకూడదు.”

ఆవిడ వాదించలేదు. ఆ పళ్లెంలోంచి బాక్టీరియాను వేరుచేసి, దాన్నొక్కదాన్నే ఇంకో సీసాలో పెంచారు. అది పెరిగిన ద్రవాన్ని సన్నటి వడపోత గుండా పట్టారు. బాక్టీరియా పైనే ఉండిపోయింది, కిందికి తేట దిగింది. కొత్త పళ్లెంలో కణాలు పెరిగిన మూడు గుంటలు చూసి, మొదటిదాంట్లో వైరస్, రెండోదాంట్లో తేట, మూడోదాంట్లో రెండూ కలిపి పోశారు. “ఎల్లుండి చూసి చెప్పు,” అని వెళ్లిపోయారు.

ఈలోగా నరహరి టీ దగ్గర నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. కప్పులు కడుగుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

చెప్పిన రోజున మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. వైరస్ ఉన్న గుంటలో కణాలు నిక్షేపంగా ఉన్నాయి. తేట ఉన్న గుంటలోనూ అంతే. రెండూ కలిసిన గుంటలో మాత్రం కణాల పొర నిండా చిల్లులే. కొలిచి చూస్తే వైరస్ వెయ్యి రెట్లయింది. నమ్మలేక మళ్లీ కొలిచాడు.

“బాక్టీరియా వదిలిన ఏదో ఎంజైము వైరస్‌కు కణాల్లోకి దారి తెరుస్తున్నట్టుంది,” అన్నాడు మేడమ్ గదిలోకి వెళ్లి. కొత్త సంగతి కళ్లారా చూసినందుకు సంతోషంగానే ఉంది, కానీ మడి ఓ పట్టాన వదలదుగా! “అయినా ఇది శుద్ధమైన ప్రయోగం కాదు మేడమ్. ఇందులో వైరస్ ఒంటరిగా లేదు.”

మేడమ్ కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు.

“కోటమ్మ కోళ్ల గొంతులో ఒంటరిగా ఉందా బాబూ?”

నరహరి జేబులోంచి ఫోను తీసి కోటమ్మకు కలిపాడు.

“అమ్మా, ల్యాబు నుంచి నరహరిని. నేను రాసింది తప్పమ్మా,” అన్నాడు.