కునుకు మీద సుంకం

సముద్రపుటొడ్డున ఉన్న ఒకానొక రాజ్యంలో మనుషుల కునుకు మీద సుంకం వేశారు. అప్పుడే నవ్వకండి. నవ్వే సంగతి చివర్లో ఉంది. అంతదాకా మీకూ నాలాగే ఒళ్ళు మండాలి.

ఆ రాజ్యాన్ని గగనమల్లుడనే రాజు ఏలేవాడు. చెడ్డవాడని అనను. కానీ తనంత తెలివైనవాడు భూమ్మీద పుట్టలేదని ఆయనకు గట్టి నమ్మకం. ఏది కంటబడితే దానికి నిర్వచనం చెప్పేవాడు. వంకాయ చూపిస్తే వంకాయకు, గొడుగు చూపిస్తే గొడుగుకు. చెప్పగానే సభంతా "ఆహా!" అనాలి. ఏళ్ళ తరబడి అలా అనీ అనీ ఆయన్ని బాగా చెడగొట్టారు.

ఆ ఏడు పరదేశపు ఓడ ఒకటి రేవుకు పొట్టి లాగులు తెచ్చింది. మోకాళ్ళ దాకా వచ్చే ముతక గుడ్డ, నడుముకు బొందు. ఉప్పు మడుల్లో పనిచేసే మగవాళ్ళు ఎగబడి కొనుక్కున్నారు. పంచె కట్టుకుని ఆ నీళ్ళలో నిలబడితే తడిగుడ్డ తొడలకు ఒరుసుకుంటుంది. ఒరుసుకున్న చోట ఉప్పు దిగుతుంది. గోచీ బిగించినా అంతే. ఈ లాగులు ఇట్టే ఆరిపోయేవి, ఒంటిని కోసేవి కావు. పుండు పడని తొడలతో ఇంటికి వెళ్ళడమెలా ఉంటుందో ఆ ఏడే వాళ్ళకు మొదటిసారి తెలిసింది.

అది చూసి ఓర్వలేనివాడు సుంకాధ్యక్షుడు లక్షణపతి. ఆయన దగ్గర ఓడ దిగిన బట్టలకు రెండే తరగతులు. పనికి తొడుక్కునేది శ్రమవస్త్రం, దానికి సుంకం నామమాత్రం. పడుకోవడానికి తొడుక్కునేది శయనవస్త్రం, అది భోగం కనుక బట్ట వెలకు ఎన్నో రెట్లు సుంకం. పొట్టి లాగు ఏ తరగతిలోకి వస్తుందో తేల్చడానికి ఆయన పల్లకీ ఎక్కి మిట్టమధ్యాహ్నం ఉప్పు మడులకు వెళ్ళాడు. అక్కడ పోలయ్య అనే మనిషి, తెల్లవారకముందు నుంచీ ఉప్పు పోగేసి, గట్టు మీద లాగుతోనే పడి నిద్రపోతున్నాడు.

లక్షణపతి మొహం వెలిగిపోయింది. తిన్నగా రాజుగారి దగ్గరికి వచ్చాడు. గగనమల్లుడు కళ్ళు అరమోడ్చి నిర్వచనం చెప్పాడు.

"మనిషి దేన్ని తొడుక్కుని నిద్రపోతాడో అదే శయనవస్త్రం! నిద్ర కోసమని బట్ట కొనుక్కున్నవాడు భోగి. భోగి సుంకం కట్టి తీరాలి. కట్టకపోతే ఆ బట్ట అక్కడికక్కడే జప్తు."

"ఆహా!" అంది సభ.

మర్నాడే సుంకం భటులు మడుల మీద పడ్డారు. కట్టలేనివాళ్ళ లాగులు ఒంటి మీంచే ఊడదీశారు. పోలయ్య నడుముకు గోనెపట్టా చుట్టుకుని, తలవంచుకుని, ఊరంతా చూస్తుండగా ఇంటికి నడిచాడు. కష్టపడి ఒళ్ళు తెలియకుండా పడిపోయినవాణ్ణి భోగి అంటారా? ఆ మాట అన్న నోళ్ళు ఎలాంటి నోళ్ళండీ?

ఆ సభలో పేరన అని ఒకడుండేవాడు. రాజుగారిని నవ్వించడం అతని కొలువు. పోలయ్య భార్య గురువులమ్మ అతని వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"బాబూ, నా పెనిమిటికి తొడలు రెండూ మళ్ళీ పుళ్ళైపోనాయి. మడిలో దిగనేకపోతన్నాడు. దిగకపోతే మడి ఇంకోడికి ఇచ్చెస్తామంటన్నారు. మడి పోతే మేమేటి తిని బతకాల?"

"లాగు వెనక్కి ఇమ్మని అడిగావా?"

"అడిగేను. ఆడు పడుకున్నాడు గదా, బోగం గదా అన్నారు. ఆడు పట్టె మంచం మీద పడుకున్నాడేటి బాబూ? గట్టు మీద కూలబడిపోనాడు. కూలబడితే బోగమా?"

పేరనకు ఆ రోజు నోట్లోంచి ఒక్క చమత్కారమూ రాలేదు. కోపంతో చెవులు ఎర్రబడ్డాయి.

"రేపు సభకు రా అమ్మా. వెనకాల నిలబడు. రాజుగారు ఏదో ఒకటి అంటారు. అప్పుడు నీకు ఏమనిపిస్తే అది అనెయ్యి."

ఇక్కడ ఆ సభ ఆచారం ఒకటి చెప్పాలి. గగనమల్లుడు మధ్యాహ్నం సుష్టుగా భోంచేసి వచ్చి, సింహాసనం మీద హాయిగా నిద్రపోయేవాడు. కానీ నిద్ర అన్న మాట ఎవరూ ఎత్తకూడదు. "ప్రభువు యోచనలో ఉన్నారు" అనాలి. ఆ యోచన ముగిసేదాకా పండితులూ సేనాపతులూ కాళ్ళు పీకుతున్నా కదలకుండా నిలబడాలి.

మర్నాడు పొద్దున్నే సభలో పేరన చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, తమ నిర్వచనం విన్న దగ్గర్నుంచి నాకు నిద్రే లేదు. పట్టిందంటే ఒంటి మీది బట్ట ఏమవుతుందోనని భయం. చిన్న సందేహం. ఈ సూత్రం ఉప్పు పనివాళ్ళకేనా, అందరికీనా?"

"అందరికీ!" అన్నాడు రాజు. "మనిషిని బట్టి మారేది సూత్రమెలా అవుతుంది?"

"మరి ఒకడు నిద్రపోతున్నాడని తెలిసేదెలా?"

లక్షణపతి గొంతు సవరించుకున్నాడు. "మూసిన కళ్ళు, తెరిచిన నోరు, గురక. ఈ మూడూ ఉంటే నిద్రే. పోలయ్య విషయంలో మూడింటినీ నేను స్వయంగా పరీక్షించాను."

"నిద్రపోయినవాడు కాదంటే?"

"కాదన్నా వినేది లేదు," అన్నాడు రాజు. "దొరికినవాడు ఎప్పుడూ కాదనే అంటాడు."

పేరన వంగి దండం పెట్టి కూర్చున్నాడు.

మధ్యాహ్నమైంది. రాజు పులిహోర, పాయసం దండిగా పట్టించి వచ్చాడు. ఒంటి మీద కొత్త జరీ అంగరఖా. అదీ ఆ ఓడలోనే వచ్చింది. రాజలాంఛనమని దానికి దమ్మిడీ సుంకం లేదు. లక్షణపతి వస్త్రాల తరగతుల మీద తాను రాసిన గ్రంథం చదవడం మొదలుపెట్టాడు. రెండో శ్లోకానికే రాజు తల పక్కకు వాలింది. నోరు తెరుచుకుంది. గురక స్తంభాలకు తగిలి తిరిగొస్తోంది.

"ప్రభువు యోచనలో ఉన్నారు," అని గుసగుసలాడుకున్నారు అందరూ.

పేరన లేచి, ద్వారం దగ్గరున్న సుంకం భటులను చేత్తో పిలిచాడు. పోలయ్య లాగు ఊడదీసిన భటులే వాళ్ళు. "మూడు లక్షణాలూ ఉన్నాయో లేదో చూడండి. ఉంటే మీ పని మీరు కానివ్వండి. సూత్రం అందరికీ అని ప్రభువులే సెలవిచ్చారు," అన్నాడు. వాళ్ళు ఒకరినొకరు చూసుకుంటూ వెళ్ళి అంగరఖా అంచు చెరోవైపు పట్టుకున్నారు. లక్షణపతి చేతిలో గ్రంథం కిందపడింది.

ఆ చప్పుడుకు రాజుకు మెలకువ వచ్చింది.

"ఏమిటిది? ఎవడు నన్ను పట్టుకున్నది?"

"సుంకం, ప్రభూ," అన్నాడు పేరన. "కడతారా, విప్పుతారా?"

"ఇది రాజవస్త్రంరా!"

"పాయసం దాకానే ప్రభూ. పాయసం తరవాత శయనవస్త్రమైంది."

రాజు కళ్ళెర్రజేశాడు. "నేను నిద్రపోలేదు! రాజ్యం గురించి యోచిస్తున్నాను!"

"అవునవును, యోచనే," అంది సభ.

అప్పుడు వెనకనుంచి గురువులమ్మ గొంతు వినిపించింది. "అయితే మా ఆయనా యోచనే సేసేడు బాబూ! తమరు కూకుని యోచించేరు. ఆడు ఉప్పు మోసి మోసి పడుకుని యోచించేడు. మా ఆడి లాగు మాకిచ్చీండి!"

రాజు ఆమెను చూశాడు, పేరనను చూశాడు. నిద్ర అంటే అంగరఖా పోతుంది. యోచన అంటే పోలయ్యదీ యోచనే.

"నిద్ర అనడానికి సాక్ష్యమేదిరా?" అన్నాడు చివరికి, కాస్త నీరసంగా.

"తమ ఎడమ భుజం చూసుకోండి ప్రభూ. యోచన అక్కడిదాకా కారింది."

రాజు చేత్తో తడిమి చూసుకున్నాడు. జరీ మీద చొంగ మరక తడితడిగా తగిలింది. వేళ్ళు చూసుకున్నాడు. మొదట మొహం కందగడ్డయింది. తరవాత పొట్ట కదిలింది. ఆ తరవాత ఆపుకోలేక సింహాసనం చెయ్యి పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాక సభా నవ్వింది. నవ్వనివాళ్ళు ఇద్దరే, లక్షణపతీ గురువులమ్మా.

ఆమె నవ్వకపోవడం రాజు కంటబడింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"నీ మొగుడి కాళ్ళు ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగాడు. ఆ మాట ఆయన అడగడం అదే మొదలు.

"ఆ మడిలో పంచి కట్టుకుని దిగినోడికి తెలస్తాది బాబూ."

"లక్షణపతీ!" అన్నాడు రాజు. "రేపు పంచెతో మడిలో దిగు. దిగి వచ్చి, పొట్టి లాగు ఏ తరగతో నువ్వే చెప్పు."

లక్షణపతి దిగాడు. పూట గడవకముందే కాళ్ళు ఎడంగా వేసుకుంటూ వచ్చాడు. పల్లకీలో కూర్చోలేక దాని పక్కనే నడిచి వచ్చాడు. "శ్రమవస్త్రం, ప్రభూ," అని మాత్రం అన్నాడు. జప్తు చేసిన లాగులన్నీ ఆ సాయంత్రమే మడులకు తిరిగి వెళ్ళాయి. పోలయ్య మడి పోలయ్యకే ఉంది.

రాజు ఆ జరీ అంగరఖా విప్పి పేరన భుజాన వేయబోయాడు. పేరన రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు ప్రభూ. నాకూ మధ్యాహ్నం కునుకు అలవాటే. దీనికి సుంకం కట్టి నేను బతకలేను."

రాజు మళ్ళీ పగలబడి నవ్వి, దాని బదులు అతనికి రేవు పక్కన ఒక కొబ్బరితోట రాసిచ్చాడు.

పుళ్ళు మానాక పోలయ్య మడిలో దిగాడు. మధ్యాహ్నం గట్టు మీద లాగుతోనే పడుకుని గురక పెట్టాడు. అటుగా వచ్చిన సుంకం భటులు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా పక్కనుంచి దాటారు.

"మాట్లాడకు," అన్నాడొకడు రెండోవాడితో. "యోచనలో ఉన్నారు."