లోకనాథం వేసిన వెనక గది

సముద్రపు హోరు వినిపించేంత దగ్గరలో, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక ఊళ్ళో లోకనాథం అనే ఒకాయన ఉండేవాడు. కంటబడిన ప్రతిదానికీ వెల కడితే తప్ప ఆయనకు తోచేది కాదు. పెళ్ళికి వెళితే పందిరి ఖరీదు చెప్పేవాడు. జబ్బుమనిషిని చూడటానికి వెళితే మంచం ఖరీదు చెప్పేవాడు.

ఆయనది పాత పెంకుటిల్లు. దాన్ని మంచి ధరకు అమ్మి పట్నం వెళ్ళిపోవాలని ఆశ. వెనక ఒక శ్లాబు గది వేస్తే ధర బాగా పెరుగుతుందని ఎవరో అన్నారు. వెంటనే పని మొదలుపెట్టాడు. భార్య దమయంతి ఒక్కటే కోరింది.

"గాలివానలు వచ్చే ఊరు. గోడలు మందంగా కట్టించండి. ఇనుము దండిగా వేయించండి."

లోకనాథం గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

గది పూర్తయ్యాక ఇళ్ళ బేరాలు కుదిర్చే సన్యాసయ్యను పిలిపించాడు. సన్యాసయ్య టేపు పెట్టి కొలిచాడు. గోడలు తట్టి చూశాడు.

"ఈ గదితో ఇంటికి ఎంత పెరిగినట్టు?" అని లోకనాథం ఆత్రంగా అడిగాడు.

"మీరు పెట్టినదాంట్లో సగం పెరిగితే గొప్పే."

"సగమేనా! మిగతా సగం ఏమైనట్టు?"

"గోడల్లో ఉండిపోయింది. కొనేవాడు గది చూస్తాడు కానీ, గోడలో ఇనుము చూస్తాడా లోకనాథం గారూ?"

ఆ రోజు నుంచి గదిని చూస్తే ఆయనకు కడుపు మండిపోయేది. "నీ మాట విని మునిగాను" అని భార్యను దెప్పేవాడు. ఆ కాస్త ధరైనా తగ్గకూడదని గదికి తాళం వేశాడు. నున్నటి ఆ గచ్చు మీద ఎవరినీ కాలు పెట్టనిచ్చేవాడు కాదు.

కార్తీకంలో తుఫాను వచ్చింది. పొద్దెక్కేకొద్దీ గాలి పెరిగింది. చుట్టుపక్కల పాకలవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు సముద్రంలో చేపలు పట్టే గురన్న ఉన్నాడు. నెలలు నిండిన కోడలు తులసిని పొదివి పట్టుకున్నాడు.

"మా పాక ఎగిరిపోయింది బాబూ! ఆ గది తలుపు తియ్యి!"

లోకనాథం చెయ్యి మొలలోని తాళంచెవి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎల్లుండే కొనేవాళ్ళు చూడటానికి వస్తున్నారు. ఇంతమంది, ఇన్ని బురదకాళ్ళు!

"కాసేపు చూద్దాం. తగ్గుతుందేమో" అన్నాడు.

అంతలో తులసి "అమ్మా" అంటూ కూలబడింది. దమయంతి ఆమెను పట్టుకుని భర్త ముఖంలోకి చూసింది, అంతే. లోకనాథం తులసి కళ్ళలోని భయం చూశాడు. ఇక ఎల్లుండి సంగతి ఆయనకు గుర్తురాలేదు.

"అందరూ రండి! ముసలివాళ్ళని ముందు పంపండి!" అని అరుస్తూ తాళం తీశాడు.

తలుపు మూయగానే పాత ఇంటి పెంకులు పిట్టల గుంపులా లేచిపోయాయి. దూలాలు విరిగిన చప్పుడు వినిపించింది. సముద్రమే లేచి ఊరి మీదికి నడిచొస్తున్నట్టుంది. గది గోడలు సన్నగా మోగాయి, కానీ కదల్లేదు.

ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. లోకనాథం తలుపు తీసి, బయటికి వచ్చి తలెత్తి చూశాడు. నడినెత్తిన గుండ్రంగా నీలాకాశం. తళతళలాడే ఎండ. చుట్టూ కోటగోడలా మబ్బులు. ఎక్కడి నుంచి కొట్టుకొచ్చాయో, తెల్లటి సముద్రపు పక్షులు ఆ నీలంలో నిశ్శబ్దంగా తిరుగుతున్నాయి. కింద తోటలు లేవు. పాత ఇల్లు లేదు. వీధి మొత్తానికి ఆ గది ఒక్కటే నిలిచి ఉంది. ఆయనకు తెలియకుండానే రెండు చేతులూ జోడించాడు.

"లోపలికి రా బాబూ! ఇది తుఫాను కన్ను. ఇప్పుడు అవతలి దిక్కు నుంచి కొడుతుంది" అని గురన్న కేకవేశాడు.

అన్నట్టే కొట్టింది. మొదటిదానికంటే భయంకరంగా కొట్టింది. ఆ హోరులోనే దమయంతి చేతుల మీద తులసికి ఆడపిల్ల పుట్టింది. బయట లోకమంతా విరిగిపడుతోంది. లోపల పిడికెడంత పసిగుడ్డు ఏడుస్తోంది. వింత ఏమిటంటే, గదిలో అందరికీ ఆ ఏడుపే పెద్దగా వినిపించింది.

తుఫాను వెలిసి, ఊళ్ళో నీళ్ళు తీశాక సన్యాసయ్య వచ్చాడు.

"మీ అదృష్టం లోకనాథం గారూ! ఇంత తుఫానుకి నిలిచిన గది! ఇప్పుడు రెట్టింపు అడగొచ్చు. ఎంత చెప్పమంటారు?"

లోకనాథం లోపలికి చూశాడు. గచ్చు నిండా బురద పాదాల గుర్తులు. ఒక మూల బాలింత నిద్రపోతోంది.

"మెల్లగా మాట్లాడవయ్యా, పిల్ల పడుకుంది" అన్నాడు. "ఇది అమ్మను. దీనికి వెల కట్టడం నాకు చేతకాదు."

కూలిన ఇంటి దూలాల్లో గట్టివి ఏరి భుజాన వేసుకుని, గురన్నకు పాక వేసి పెట్టడానికి వెళ్ళాడు.

ఇంటి ధర కొనేవాడు చెబుతాడు. ఇంటి విలువ మాత్రం ఆపదలో దాని నీడన బతికి బయటపడ్డవాళ్ళకే తెలుస్తుంది.