సెన్సర్ ముందున్న గొట్టం

నేను ఇదివరకు ఏదీ రాసినదాన్ని కాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

రాళ్లగుట్టల పక్కన ఒక పరీక్షశాల ఉంది. అక్కడ అంకినీడు గారనే పెద్దాయన దగ్గర నీలవేణి పరిశోధన చేస్తోంది. వాళ్లు కట్టే ఇంజన్లో మంట పొయ్యిలోలాగా ఒకచోట నిలబడి మండదు. గుండ్రటి ఇనపగదిలో పేలుడు అలలా గిరగిరా తిరుగుతుంది. అది సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతోందో కొలవడం నీలవేణి పని.

పేలుడు అదురును పట్టే సెన్సర్లు ఆ వేడికి ఆగలేదు. ఒకదాని తర్వాత ఒకటి మాడిపోయాయి. అందుకని ఆమె ఆ ఇనపగది గోడకు బెజ్జం పెట్టి, సన్నటి గొట్టం బిగించి, దాని చివర, మంటకు దూరంగా సెన్సర్ పెట్టింది. అప్పట్నుంచి ఒక్కటీ మాడలేదు. పైగా అంకె కూడా కుదురుకుంది. ఇంధనం పెంచినా తగ్గించినా అదే అంకె.

"నీ మంట పోలీసు పరేడులా ఉందక్కా. ఎంత తిండి పెట్టినా ఒకటే నడక," అన్నాడు తోటి విద్యార్థి ఫిరోజ్.

"కుళ్లుకోకు," అంది నవ్వుతూ.

మర్నాడు ఆమె పనిని పరీక్షించే కమిటీ వస్తోంది. ఆ అంకె వాళ్లకు నచ్చితే పెద్ద ఇంజన్ పని ఆమె చేతికి వస్తుంది. నచ్చకపోతే ఇన్నేళ్ల చదువూ అక్కడే ఆగిపోతుంది.

సాయంత్రం గ్రాఫు పట్టుకుని గురువుగారి గదికి వెళ్లింది.

"చూడండి సార్. ఏం చేసినా చెక్కుచెదరట్లేదు."

ఆయన గ్రాఫును చూశారు. బల్ల మీదున్న ఖాళీ దగ్గుమందు సీసా అందుకుని, మూతి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊదారు. కూత వచ్చింది. గట్టిగా ఊదారు. చప్పుడు పెరిగింది గానీ కూత అదే.

"నువ్వు ఊదమ్మా."

సిగ్గుపడుతూనే ఊదింది. అదే కూత.

"నీ ఊపిరీ నా ఊపిరీ ఒకటేనా?"

"కాదు సార్," అంది. చేతిలో గ్రాఫును మెల్లగా మడిచింది.

గురువుగారు సీసాను చెత్తబుట్టలో వేసి, "పొద్దుపోయింది, ఇంటికి పద," అన్నారు.

మర్నాడు పొద్దున కమిటీ వాళ్లు పరీక్షశాలలో కూర్చోగానే నీలవేణి లేచింది.

"నేను మీకు పంపిన అంకె మంటది కాదండీ. గొట్టానిది. ఎవరు ఊదినా సీసా ఒకటే కూత కూసినట్టు, మంట ఎలా తిరిగినా గొట్టం తన కూతే కూసింది."

వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. "మరి మంటది ఎంతమ్మా?" అన్నాడొకాయన.

"తెలీదండీ. ఇప్పుడే మంటనే అడుగుదాం."

వాళ్లు చూస్తుండగానే గొట్టం ఊడదీసింది. సెన్సర్‌ను లోపలి గోడకు సమంగా, మంటకు ఎదురుగా బిగించింది.

"మాడిపోతుందక్కా," అని గొణిగాడు ఫిరోజ్.

"మాడనీ."

ఇంజన్ అంటుకుంది. తెర మీద గీత పిచ్చిపట్టినట్టు ఎగిరింది. ఇంధనం పెంచితే గీత నడక మారింది. ఇంకాస్త పెంచితే ఇంకా మారింది. అంతలో గీత చచ్చి చదునైపోయింది.

"పోయింది సార్," అంది నీలవేణి.

"పోయేముందు ఏమంది?" అన్నారు గురువుగారు.

ఆమె తెర మీది గీతను వెనక్కి జరిపి, అది మారిన చోట్లు చూసుకుంది. డబ్బాలోంచి ఇంకో సెన్సర్ తీసుకుని ఇంజన్ దగ్గరికి నడిచింది.